తొలివాన దాకా ఉతకొద్దు

ప్రియమైన అక్కకి,

ఇన్నాళ్ళూ ఉత్తరం లేదని నన్ను తిట్టుకునే ఉంటావు. తిట్టుకుంటే తిట్టుకున్నావు గాని, ఇప్పుడు చదువు. ఇక్కడ చలి వెళ్ళిపోయింది. నిన్న కిటికీలన్నీ బార్లా తెరిచి, పరుపులు పెరట్లో ఎండేసి, ఇల్లంతా కడిగాను. నా కూతురు పిచ్చుక నా వెనకే తిరుగుతూ తడి నేల మీద రెండుసార్లు జారిపడింది. రెండుసార్లూ నన్నే తిట్టింది. నాలుగేళ్ళు నిండలేదు గాని నోరు మాత్రం అచ్చం దాని పెద్దమ్మదే.

అసలు సంగతి ఏమిటంటే, దానికి బొంత కుడుతున్నాను. నవ్వకు. చిన్నప్పుడు నేను కుట్టిన ప్రతి ముక్కా అమ్మ విప్పేసి మళ్ళీ తనే కుట్టేది, అదంతా నాకు గుర్తుంది. ఈసారి మంచి గుడ్డ దొరికింది. మీ మరిది పనిచేసే విత్తనాల డిపోలో ఓ మూల సంచులు పడేసి ఉన్నాయట. తెల్లగా, దిట్టంగా ఉన్నాయి. ఊరికే పారేస్తారని ఓ కట్ట ఇంటికి తెచ్చారు. పోగులు ఎంత సమానంగా ఉన్నాయంటే ఎవరైనా లెక్కపెట్టొచ్చు. క్రాస్ కుట్టుకి ఇలాంటిది కొనబోయినా దొరకదు. సంచుల కుట్లు విప్పి చదరాలుగా కత్తిరించి, ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ కుట్టి, అన్నీ కలిపి బొంత చేద్దామని. పిట్ట, ఆకు, గొడుగు, మా వీధి చివర నీళ్ళ పంపు, అమ్మ కళ్ళజోడు.

కొన్నిటి మీద లేత పసుపు మరకలున్నాయి. ఘాటుగా వాసన కూడా వేస్తున్నాయి, వెల్లుల్లి లాగా. డిపో వాసనేలే, గాలికి పోతుంది అన్నారు మీ మరిది. ముందు ఓసారి ఉతికి కుట్టనా, అలాగే కుట్టనా? అమ్మనడిగి చెప్పు. నువ్వు చెప్పేదాకా సూది పట్టను.

పోయినేడు అమ్మకి పంపిన శాలువా ఆవిడకి కప్పుతున్నావా, నీ ట్రంకు పెట్టెకి కప్పావా?

నీ చెల్లి

* * *

పిచ్చి మొహానికి, ప్రేమతో,

నువ్వు బొంత కుడుతున్నావని అమ్మకి చదివి వినిపించాను. "దానికి సూదిలో దారం ఎక్కించడం వచ్చా?" అని అడిగింది. వచ్చిందటమ్మా అన్నాను. ఆ పూటంతా నవ్వుతూనే ఉంది. చాలా రోజులకి నవ్వింది, నీ పుణ్యమా అని.

ఉతకొద్దు. కుట్టే ముందు గుడ్డని తడిపేవాళ్ళు ఎవరైనా ఉంటారా? గంజి పోతే పోగులు జారతాయి. పోగులు జారితే లెక్క తప్పుతుంది, నీ పిట్ట కాస్తా ఒంటె అవుతుంది. కుట్టడం అయ్యాక కూడా నీళ్ళలో పెట్టకు. మనింటి పద్ధతి మర్చిపోయావా, బొంతకి తొలివాన పడేదాకా నీళ్ళు తగలకూడదు. అప్పటిదాకా ఒంటి మీద కప్పుకుంటూ ఉంటే దారం గుడ్డలో కుదురుకుంటుంది, రంగు దిగదు. అమ్మమ్మ కుట్టిన బొంత ఇన్నేళ్ళు నిలిచిందంటే అందుకే. నా కుట్టుబడిలో పిల్లలకి మొదటి రోజు చెప్పే పాఠం కూడా ఇదే. ఇక మరకలంటావా, మరక ఉన్నచోట ఆకు కుట్టెయ్. వాసన ఎండకి అదే పోతుంది.

పైకుట్లన్నీ ఒకే వైపు వాలాలి సుమా. దారం కత్తెరతో కత్తిరించకు, కొస చీలుతుంది. నోట్లో తడిపి పంటితో కొరుకు, అమ్మ నేర్పినట్టు.

అమ్మకి చూపు ఇంకా తగ్గింది. వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదు. అయినా నా బడి పిల్లలు కుట్టిన గుడ్డ వెనక్కి తిప్పి వేళ్ళతో తడిమిందంటే, ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ నిద్రపోయారో చెప్పేస్తుంది. ముందువైపు లోకానికి, వెనకవైపు ఆవిడకి. ఒక చదరం పంపించు, నీ చెయ్యి ఎలా ఉందో చూస్తానంటోంది. ఎండలు వస్తున్నా ఆవిడకి మాత్రం చలి వదల్లేదు. పాత దుప్పటి మెడ దాకా లాక్కుని కూర్చుంటుంది. నీ శాలువా ట్రంకులోనే ఉంది, కలరా ఉండలు వేసి భద్రంగా పెట్టాను. మంచి వస్తువు రోజూ వాడేస్తే ఇక మిగిలేదేముంది?

నీ అక్క

* * *

ప్రియమైన అక్కకి,

పిట్ట చదరం పంపుతున్నాను. డిపో లారీ డ్రైవరు మీ ఊరి మీదుగానే వెళ్తాడు, మంచివాడు, అమ్మ చేతికే ఇవ్వమన్నాను. ఉతకలేదు, తల్లీ. నువ్వు చెప్పినట్టే చేశాను. వరండాలో పొద్దుటి ఎండలో కూర్చుని కుడుతుంటే పిచ్చుక పక్కనే సంచుల కుప్ప మీద పడుకుని కబుర్లు చెబుతుంది. ముక్కలన్నీ ఒళ్ళంతా కప్పుకుని, నేను విత్తనాన్ని, నాకు నీళ్ళు పొయ్యి అంటుంది. పోశాననుకో, దాని నోటికి.

నాలుగు రోజులుగా మాత్రం దానికి ఒంట్లో బాగోలేదు. తిన్నది నిలవడం లేదు. నోట్లోంచి చొంగ కారుతూనే ఉంది, పసిదానికి కారినట్టు. ఒళ్ళంతా చెమట. వీధి డాక్టరు చూసి రుతువు మారింది కదా, పిల్లలందరికీ ఇలాగే ఉందన్నాడు. మందు రాశాడు. అయినా మధ్యాహ్నం దాని మొహంలోకి చూస్తే నాకేదో భయం వేసింది. కళ్ళలో నల్లగుడ్డు ఆవగింజంత ఉంది. ఎండకేమో అనుకుని లోపలికి తీసుకొచ్చాను. లోపల కూడా అంతే.

నాకూ తల పగిలిపోతోంది. దారం కొరికీ కొరికీ నాలుక మొద్దుబారింది, పప్పులో ఉప్పు వేశానో లేదో తెలియడం లేదు. మీ మరిది రోజూ మొహం అదోలా పెట్టుకుని తింటున్నారు. చేతులు కూడా కాస్త వణుకుతున్నాయి. వయసు మీద పడుతోంది కాబోలు. నువ్వు నాకంటే పెద్దదానివి కదా, నీకు వణకడం లేదూ?

చదరం అమ్మ తడిమి ఏమందో రాయి. తిట్టినా పరవాలేదు.

నీ చెల్లి

* * *

చెల్లికి, ప్రేమతో,

డ్రైవరు వచ్చి చదరం ఇచ్చాడు. అమ్మ అతన్ని కూర్చోబెట్టి, నీ ఇల్లు ఎలా ఉంటుంది, గుమ్మానికి ఏం రంగు వేశారు, పిచ్చుక ఎంత పొడుగైంది అన్నీ అడిగింది. అతను పాపం రంగు చూడలేదన్నాడు. చూపున్నవాడివి, ఆమాత్రం చూడలేదా అని చివాట్లు పెట్టింది. ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఈసారి వచ్చినప్పుడు అన్నీ చూసి చెబుతానని మాటిచ్చి వెళ్ళాడు.

ఇక నీ కుట్టు. అమ్మ చాలాసేపు వెనకవైపు తడుముతూ ఉండిపోయింది. ఆ తర్వాత, "దీని చెయ్యి ఇలా వణకదు. దానికి ఒంట్లో బాగోలేదు. గుడ్డ కూడా నాకు నచ్చలేదు" అంది. నీ చిన్నకూతురి చెయ్యి ఎప్పుడు వణకలేదమ్మా, అది కుట్టిన గీత ఎప్పుడైనా తిన్నగా ఉందా అని నేనన్నాను. ఆవిడ నవ్వలేదు. చదరం మాత్రం నాకివ్వలేదు, దిండు కింద పెట్టుకుంది. పిచ్చుక పడుకున్న గుడ్డ కదా అంటుంది. అప్పటినుంచి ఆవిడకి కళ్ళలో నీళ్ళు, ముక్కు కారడం. బడి వెనక పళ్ళతోట పూతకొచ్చింది, ఆ పుప్పొడి పడలేదేమో.

పిల్ల గురించి కంగారు పడకు. మార్చి మార్చి వచ్చే చలీ ఎండా పిల్లల్ని అలాగే చేస్తాయి. ఒంట్లోంచి చెమట పోతోందంటే వేడి నిలవడం లేదన్నమాట. తొందరగా బొంత ముగించి దానికి బాగా కప్పు. రాత్రే కాదు, పగలు పడుకున్నప్పుడు కూడా కప్పు. అమ్మ మనల్ని అలాగే పెంచింది, ఇద్దరం రాళ్ళలా ఉన్నాం.

అమ్మ మాత్రం ఈ వసంతంలో కూడా వణుకుతూనే ఉంది. ఈ పాత దుప్పటి దేనికీ పనికిరాదే అని నిన్న మొదటిసారి నోరు తెరిచి అంది. నువ్వేమీ పంపకు. పంపితే ట్రంకులో చోటు లేదు.

నీ అక్క

* * *

అక్కా,

ఈ ఉత్తరం ఆసుపత్రి నుంచి రాస్తున్నాను. భయపడకు, పిచ్చుక నిద్రపోతోంది. ఊపిరి బాగా ఆడుతోంది. ముందు అది చెప్పి తర్వాత మిగతావి చెబుతాను.

నీ ఉత్తరం వచ్చాక కూర్చుని బొంత ముగించాను. అంతలోనే దానికి ఎక్కువైంది. కాళ్ళూ చేతులూ వాటంతట అవే అదురుతున్నాయి. ఆసుపత్రిలో చేర్చాం. సూది మందు ఇచ్చారు, రెండు రోజుల్లో లేచి కూర్చుని జావ తాగింది. ఇంటికి తీసుకొచ్చాం. ఇంటికి రాగానే కొత్త బొంత దాని మీద కప్పాను. ఎంత సంబరపడిందో. మెడ దాకా లాక్కుని, అమ్మమ్మ కళ్ళజోడు ఏదీ అని వెతుక్కుని, ఆ చదరం కొస చప్పరిస్తూ నిద్రపోయింది. మర్నాటికి మళ్ళీ మొదటికి వచ్చింది. ఈసారి అంతకంటే అన్యాయంగా. నేను మోసుకొస్తుంటే నా భుజం మీద దాని తల నిలబడలేదు, అక్కా. ఇల్లు చూస్తే ఎక్కువవుతోంది, ఆసుపత్రి చూస్తే తగ్గుతోంది. నా ఇంట్లో ఏముందో నాకు అర్థం కావడం లేదు.

పెద్ద డాక్టరు దాని కళ్ళలోకి లైటు వేసి చూశారు. ఇంట్లో పురుగుమందు ఏమైనా ఉందా అని అడిగారు. లేదండీ, బొద్దింకల మందు కూడా కొననని చెప్పాను. మీ మరిదిని అడిగారు. డిపోలో ఉంటాయి గాని ఇంటికి ఏమీ తేనన్నారు. నిజమే, ఆయన చెప్పులు కూడా బయటే వదిలి, చేతులు కడుక్కునే లోపలికి వస్తారు. డాక్టరు ఇంకా నమ్మినట్టు లేదు. ఇల్లంతా మరోసారి వెతకమన్నారు. వెతికాం. ఏమీ లేదు.

బొంత ఆసుపత్రికి కూడా తెచ్చాను. నర్సు చూసి కోప్పడింది, పిల్ల చెమటలో నానిపోతుంటే ఇంత మందం కప్పుతారా అని తీయించేసింది. తీసినప్పటి నుంచీ దానికి తేలిగ్గానే ఉంది. వేడి చేసిందేమో. ఇక పిల్లకి కప్పనులే. కష్టపడి కుట్టాను కదా, ఊరికే పోనివ్వను. దాన్ని ఏం చేశానో నీకు మాత్రం చెప్పను. చెబితే నువ్వేం చేస్తావో నాకు తెలుసు.

నీ చెల్లి

* * *

చెల్లీ,

తంతి ఇచ్చాను, ఈ ఉత్తరం కంటే ముందే అందుతుంది. తంతిలో మాటలు పట్టవు గనక మళ్ళీ రాస్తున్నాను. బొంత పిల్లకి తగలనివ్వకు. నువ్వు ముట్టుకోకు. మిగిలిన సంచులు కూడా ఇంట్లోంచి తీసేయించు. కాల్చొద్దు, పొగ వస్తుంది. డాక్టరుకి ఆ గుడ్డ గురించి చెప్పు. ఇప్పుడే వెళ్ళి చెప్పు.

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. మధ్యాహ్నం పిల్లలకి చూపిద్దామని పిట్ట చదరం అమ్మ దిండు కింద నుంచి తీసి, నీళ్ళు చిలకరించి ఇస్త్రీ పెట్టాను. ఆవిరి మొహానికి కొట్టింది. కళ్ళు మండాయి, నోట్లో నీళ్ళు ఊరాయి. ఆ వాసన నాకు తెలుసు. ప్రతి ఏడూ ఈ రోజుల్లో బడి వెనక పళ్ళతోటలో చెట్లకి మందు కొడతారు, మేం కిటికీలన్నీ మూసుకుంటాం. అదే వాసన. డాక్టరు అడిగిన పురుగుమందు మీ ఇంట్లో సీసాలో లేదు. పిల్ల ఒంటి మీద ఉంది.

నువ్వు నన్ను అడిగావు. ఉతకనా అక్కా అని రాశావు. ఆ ఉత్తరం నా ముందే ఉంది. ఉతకొద్దన్నాను. నోట్లో తడిపి కొరకమన్నాను. బాగా కప్పమన్నాను. 

దాన్ని ఏం చేశావో చెప్పనన్నావు. ఎవరికైనా ఇస్తే వెంటనే వెనక్కి తెప్పించు. సిగ్గుపడకు, ఎవరేమనుకున్నా సరే.

ఇక్కడ చదరం తీసేశాను గనక అమ్మకి తగ్గుతుంది. కళ్ళ నీళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి, చెమట పడుతోంది. మనిషి మాత్రం హుషారుగానే ఉంది. రెండు రోజులుగా గది తలుపు దగ్గరగా వేసుకుని, ఏదో కూనిరాగం తీస్తూ ఉంటుంది. నేను వెళ్తే పాత దుప్పటి మెడ దాకా లాక్కుని, ఏం కావాలని వచ్చావే, నీ పని చూసుకో అని పంపించేస్తుంది. కలరా ఉండల వాసన ఇల్లంతా ఉంది గనక ఆ గదిలో వేరే వాసన ఏదీ నాకు తెలియలేదు. రేపు మా డాక్టరుని ఓసారి రమ్మంటాను.

పిచ్చుక ఎలా ఉందో వెంటనే తెలియజెయ్యి.

నీ అక్క

* * *

అక్కా,

ఇప్పుడే తంతి ఇచ్చి వచ్చాను. అమ్మ పాత దుప్పటి కింద చూడు అని ఇచ్చాను. అంతకంటే ఏం రాయాలో తోచలేదు.

పిచ్చుక బాగుంది. నీ తంతి పట్టుకెళ్ళి డాక్టరుకి చూపించాను, ఇంట్లో ఉన్న సంచి ముక్క ఒకటి తెప్పించి వాసన చూసి ఆయన కుర్చీలోంచి లేచారు. సరైన మందు పడుతోంది ఇప్పుడు. ప్రమాదం లేదన్నారు. మీ మరిదిని నిలదీశాను. విత్తనాల సంచులే గాని, చలికాలంలో ఆ మూలనే మందు పీపా ఒకటి కారిందట. ఆరిపోయాయి కదా, పాడు చేయడం ఎందుకని తెచ్చానన్నారు. అని అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. ఆయన్ని ఏమనాలి?

బొంత ఇక్కడ లేదు, అక్కా. అమ్మ దగ్గర ఉంది.

నువ్వే రాశావు కదా, దుప్పటి పనికిరాదని అమ్మ నోరు తెరిచి అడిగిందని. నర్సు తీసేయమన్న రోజునే డ్రైవరు కనిపించాడు. అతని చేత పంపాను. నువ్వు బడికి వెళ్ళిన వేళ చూసి అమ్మ చేతికే ఇమ్మన్నాను. నీకు తెలిస్తే ట్రంకులో పెడతావని భయం. అక్కకి చెప్పొద్దు, నీ పాత దుప్పటి కింద ఒంటికి ఆనుకునేలా కప్పుకో, అది నా చేతి బొంత అని చెప్పమన్నాను. అతను తిరిగొచ్చి, అమ్మగారు బొంతని గుండెలకి హత్తుకున్నారండీ అన్నాడు. మా గుమ్మం రంగు ఏమిటో కూడా చెప్పాడట.

తొలివాన దాకా ఉతకొద్దని కూడా చెప్పి పంపాను.

వెళ్ళి తీసెయ్ అక్కా. తీసేశానని ఒక్క మాట రాయి. అది చాలు నాకు.

నీ చెల్లి

* * *

చెల్లీ,

పిచ్చుక బతికింది. ఆ మాట రోజంతా అనుకుంటున్నాను, నువ్వు కూడా ముందు అదే అనుకుని ఇది చదువు.

నీ తంతి మధ్యాహ్నం వచ్చింది. నేను దుప్పటి పొద్దున్నే ఎత్తాను. అమ్మ ఎంత పిలిచినా పలకలేదని ఎత్తాను.

ఎందుకు తలుపు వేసుకుందో అప్పుడు తెలిసింది. నీ కుట్లు విప్పి మళ్ళీ కుడుతూ వచ్చింది. నా డబ్బాలోంచి సూదీ దారాలూ ఎప్పుడు తీసుకెళ్ళిందో నేను చూడనే లేదు. కళ్ళు కనిపించకపోయినా ఆ లావు పోగులు వేలికొసలకి తెలుస్తాయి కదా, వాటినే లెక్కపెట్టుకుంటూ. నీ చెయ్యి వణికిన చోటల్లా విప్పి, పైకుట్లన్నీ ఒకే వైపు వాల్చింది. రంగులు మాత్రం తెలియలేదు, గొడుగు ఆకుపచ్చగా అయింది. ఆకు, గొడుగు, పంపు పూర్తయ్యాయి. వెనక్కి తిప్పి చూశాను. ఒక్క ముడి లేదు. దారం కొసలన్నీ పంటితో కొరికినవే. కళ్ళజోడు సగంలో ఉంది, సూది అందులోనే ఉంది.

చదరం తడిమిన రోజే గుడ్డ నచ్చలేదంది. నేను వినలేదు. బొంత నువ్వు పంపావని తెలిశాక ఆ సంగతి ఆవిడే మర్చిపోయి ఉంటుంది. రెండు రోజులు పాడుకుంటూ కుట్టింది. చాలా ఏళ్ళకి ఆవిడ చేతికి పని దొరికింది.

నిన్ను ఏమీ అనను. ఉతకనా అని అడిగినదానివి నువ్వు, వద్దన్నదాన్ని నేను. నువ్వు అమ్మకి వెచ్చగా ఉండాలని పంపావు. నేను పెట్టెలో దాచాను. నేను దాచకపోయి ఉంటే నువ్వు చాటుగా పంపాల్సిన పనే లేదు. ఇది నేను మోయాల్సింది, నువ్వు పంచుకోవద్దు. మరిదిని కూడా ఇంకేమీ అనకు.

బొంతని రేకు డబ్బాలో పెట్టి ఆసుపత్రి వాళ్ళకి అప్పగించాను. అమ్మని సాగనంపే ముందు ట్రంకు తెరిచి నీ శాలువా తీసి కప్పాను. మడతలు విప్పుతుంటే ఇంకా కొత్త వాసనే వేసింది.

నువ్వు వచ్చేలోపు పిల్లకి ఒంటి మీదకి కావాలని గౌను పంపుతున్నాను. ఉతికే పంపుతున్నాను. అయినా నువ్వు మళ్ళీ ఓసారి ఉతికి తొడుగు.

నీ అక్క